మూడో రింగు

బ్రహ్మయ్య అంకుల్ కోతలు కోస్తాడని పిస్కాటవేలో తెలియని తెలుగువాడు లేడు. తెలిసే వెళ్ళి కూర్చునేవాళ్ళం. మా ఊరి ఇండియన్ గ్రోసరీ షాపులో వెనక మూల, సోనా మసూరి బస్తాల పక్కన త్రివేణి ఆంటీ టీ కౌంటర్ ఉంది. మూడు బల్లలు, ఒక స్టవ్, ఒక సమోసాల మూకుడు. మాస్టర్స్ చదువుతూ, సెలవొస్తే ఎక్కడికి పోవాలో తెలియని నాలాంటివాడికి అదే దిక్కు. మొన్న థాంక్స్‌గివింగ్ నాడు మధ్యాహ్నం ఆయన కోసిన కోత నేను విన్న వాటన్నిటిలోకీ పెద్దది. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆయన ఇంటర్‌ప్రెటర్. ఆస్పత్రుల్లో తెలుగు పేషెంటుకీ ఇంగ్లీషు డాక్టరుకీ మధ్య నిలబడి మాటలు అటూ ఇటూ చేరవేస్తాడు. ఉద్యోగం కాదు, ఫ్రీలాన్స్. ఏజెన్సీ ఫోన్ చేస్తే పని, చేయకపోతే టీ.

ఆ రోజు షాపు మూడింటిదాకానే. కౌంటర్ దగ్గర ఆయన, నేను, ఆంటీ, ఇంకా అవని అనే అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగింది, ఫార్మసీ చదువుతోంది. ఫ్రెండ్స్ ఇంట్లో విందుకని నలభై సమోసాలు ఆర్డరిచ్చి, అవి వేగేదాకా మా పక్క బల్ల దగ్గర కూర్చుంది.

అప్పుడు మోగింది ఆయన ఫోన్. బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని తియ్యలేదు. పొయ్యి మీద పాలు పెట్టినవాడిలా చూస్తూ కూర్చున్నాడు. మోగి మోగి ఆగిపోయింది. వెంటనే మెసేజ్ వచ్చింది.

“తెలుగు, ఐసీయూ, అర్జెంట్ అని ఉంది అంకుల్,” అంది అవని, పక్కనుంచి చదివి.

“ఎత్తకపోతివేందన్నా?” అంది త్రివేణి ఆంటీ. ఆమెది నిజామాబాద్.

“ఎత్తకూడదు చెల్లెమ్మా. ఇవాళ థాంక్స్‌గివింగ్. పండగనాడు మొదటి రింగుకి ఎత్తినవాడు ఇంటర్‌ప్రెటర్ కాదు, అమాయకుడు. వాళ్ళకి అన్నీ అర్జెంటే. అజీర్తి చేసినా అర్జెంటే. ఇరవై నిమిషాల్లో మళ్ళీ చేస్తారు చూడు.” ఆయన టీ కప్పు పక్కకి జరిపి నా వైపు తిరిగాడు. “అబ్బాయ్ శశికాంత్, నువ్వు రేపు ఉద్యోగంలో జీతం మాట్లాడుకోవాల్సినవాడివి. ఈ విద్య నేర్చుకో.

“మొట్టమొదట నాకు పండగరోజు పిలుపొచ్చింది మెమోరియల్ డే నాడు. మామూలుగా గంటకి నలభై ఐదు డాలర్లు ఇస్తారు. నేను మర్యాదగానే అడిగాను, ‘అమ్మా, ఇవాళ నర్సుకి ఒకటిన్నర రెట్లు, గేటు దగ్గర సెక్యూరిటీవాడికి ఒకటిన్నర రెట్లు, మరి నాకు?’ అని. ఏజెన్సీ అమ్మాయి ఏవందనుకున్నావ్? ‘మాకు హాలిడే రేటంటూ లేదు సార్, ఎవరూ ఒప్పుకోకపోతేనే పైవాళ్ళు పెంచనిస్తారు’ అంది. అంటే ఏవిటి అర్థం? ఒప్పుకున్నవాడు వెర్రివాడు! ఆ రోజు నేను ఒప్పుకున్నాను. పన్నెండు గంటలు నిలబడి మాట్లాడితే, ఇంటికి పోయేసరికి మా ఆవిడ రాజేశ్వరమ్మతో మాట్లాడ్డానికి గొంతు లేదు. వచ్చింది మామూలు డబ్బే. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? జులై నాలుగు. నేను స్నానం చేస్తున్నాను. ఫోన్ మోగింది, తియ్యలేదు. మళ్ళీ మోగింది, సబ్బు కళ్ళలో పడింది, తియ్యలేదు. ఒళ్ళు తుడుచుకుని బయటికొచ్చేసరికి మూడోసారి. తీశాను. ‘సార్ సార్, డబుల్ ఇస్తాం, దారి ఖర్చులు కూడా ఇస్తాం, రండి’ అంది. చూశావా, కాశీకి పోకుండానే గంగాస్నాన ఫలం!”

ఇంతవరకూ నిజమే అయ్యుంటుంది. ఆయన కోతలన్నీ నిజంతోనే మొదలవుతాయి.

“అప్పట్నుంచీ అదే సూత్రం. మొదటి రింగు మామూలు, రెండోది ఒకటిన్నర, మూడోది రెట్టింపు. ఎప్పుడూ తప్పలేదు. ఒక్క లేబర్ డే నాడు మాత్రం మూడోది రాలేదు, అది వదిలేయ్, లెక్కలోకి రాదు.” గబగబా ఒక గుక్క టీ తాగాడు. “తర్వాత నాకు అనుమానమొచ్చింది. పండగలంటే వీళ్ళవేనా? నేనూ ఒక లిస్టు రాసి పంపాను. ఉగాది, వినాయక చవితి, నాగుల చవితి, అట్ల తద్ది, మా పెళ్ళిరోజు, మా అత్తగారు ఊరినుంచి దిగేరోజు...”

“అత్తగారొస్తే పండగెట్లయితదన్నా?”

“అది పండగ కాదు చెల్లెమ్మా, రిస్కు అలవెన్సు. ఏజెన్సీ డైరెక్టరు గడగడలాడిపోయాడు. మనిషిని పంపి పంచాంగం తెప్పించుకుని ఆఫీసు గోడకి మేకు కొట్టి తగిలించాడు. ఇప్పుడక్కడ తెల్లవాళ్ళంతా పొద్దున్నే కాఫీ కప్పులు పట్టుకుని దాని ముందు నిలబడతారు. రాహుకాలం రేటు వేరు. వర్జ్యంలో అయితే ఫోనే చెయ్యరు. ఒకమ్మాయి నాకు ఈమెయిల్ పెట్టింది, ‘సార్, ఇవాళ మూఢం, మీకు ఫోన్ చెయ్యొచ్చా, చెయ్యకూడదా?’ అని.”

నేను నవ్వుతుండగానే ఫోన్ రెండోసారి మోగింది. అందరం దాని వైపు చూశాం. ఆయన చూపుడువేలు ఎత్తి, ఆగండన్నట్టు సైగ చేశాడు. ఆగిపోయింది.

“ఒకటిన్నర,” అన్నాడు తృప్తిగా.

“అంకుల్, అక్కడ ఎవరో ఉన్నారు కదా,” అంది అవని. తెలుగు నెమ్మదిగా, వెతుక్కుని మాట్లాడుతుంది.

“ఉంటారమ్మా. పేషెంటన్నాక ఎక్కడికి పోతాడు? ఇందాక ఎక్కడున్నాం? ఆఁ, క్రిస్మస్. ఇది బయట చెప్పకూడదు, ప్రమాణం చేసిన వృత్తి, పేర్లు చెప్పను. మీకు ఇంకో సంగతి తెలియాలి. మా పనిలో ‘డాక్టర్ ఇలా అంటున్నాడు’ అని చెప్పకూడదు. డాక్టర్ ‘నేను’ అంటే నేనూ ‘నేను’ అనాలి. పేషెంటు ఏడిస్తే నా గొంతూ వణకాలి. ఒకసారి కాన్పుల గదిలో ‘అమ్మో, నావల్ల కాదు, నొప్పులు ఆగట్లేదు’ అని ఇంగ్లీషులో నేను పెట్టిన కేకకి, నర్సు కంగారుగా వీల్‌చెయిర్ తెచ్చి నన్నే కూర్చోబెట్టింది. బిడ్డ పుట్టాక అందరూ నాకే కంగ్రాట్స్ చెప్పారు. అంత గొప్ప ఇంటర్‌ప్రెటర్ కోసం క్రిస్మస్ నాడు ఎక్కణ్ణుంచి ఫోనొచ్చిందో తెలుసా? బాతెల్! దేశానికి ఆ చివర, పడమటి ఒడ్డున, గడియారం మనకంటే మూడు గంటలు వెనక. ఇక్కడేమో నడుం లోతు మంచు. మూడో రింగు దాకా ఆగాను. తీసేసరికి మా ఇంటిముందు డ్రైవ్‌వేలో హెలికాప్టర్!”

“డ్రైవ్‌వేలోనా? మీ కారెక్కడ పెట్టారు అంకుల్?” అన్నాను.

“కారు వాళ్ళే ఎత్తి పక్కింటి ముందు పెట్టారు. పైలట్‌ని లోపలికి పిలిచి ఉప్మా పెట్టాను, పండగపూట ఉత్తకడుపుతో వచ్చాడు పాపం. అక్కణ్ణుంచి విమానాశ్రయం, నాకోసం మూడొందల మంది సీట్లలో బెల్టులు పెట్టుకుని కాచుక్కూర్చున్నారు. ఎక్కాను. ఇప్పుడు విను, ఇక్కడుంది అసలు కిటుకు. ఇక్కడి అర్ధరాత్రి నుంచి అక్కడి అర్ధరాత్రి దాకా క్రిస్మస్ ఎన్ని గంటలు? ఇరవై ఏడు! ఇరవై ఏడు గంటలకీ హాలిడే రేటు వేశాను. అప్పుడు బుర్రలో వెలిగింది. ఇంకా పడమటికి పోతే? హవాయికి పోయాను. ఇరవై తొమ్మిది! అబ్బాయ్, సూర్యుడు ముందు పోతున్నాడు, వెనకాల నేను బ్యాగు పట్టుకుని. పడమటికి పోతూనే ఉన్నంతకాలం పండగ అయిపోదు, రేటు తగ్గదు. మా ఆవిడ ఫోన్ చేసి ‘ఏవండీ, ఇక్కడ సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది’ అంటే, ‘నాకింకా క్రిస్మసేనే’ అన్నాను.”

నేను బల్ల మీద తలపెట్టి నవ్వాను. ఆంటీ చేతిలో గరిటె అలాగే ఉండిపోయి, నూనె బొట్లు స్టవ్ మీద పడ్డాయి. అవని మాత్రం నవ్వలేదు. ఫోన్ వైపే చూస్తోంది. ఆయన అది గమనించాడనుకుంటాను. వింటున్నవాళ్ళలో ఒక్కరు నవ్వకపోయినా ఆయనకి నిద్రపట్టదు. అందుకే ఇంకా పైకి ఎక్కాడు.

“సరే, తిరిగొచ్చి బాతెల్ ఆస్పత్రికి చేరాను. ఆ పేషెంటు పెద్దాయన, తొంభై ఏళ్ళు. ఈలోగా యముడు వచ్చేశాడు. గుమ్మంలో దున్నపోతు, పార్కింగ్ దొరక్క. ‘పదవయ్యా’ అన్నాడు యముడు. పెద్దాయన ఏవన్నాడో తెలుసా? ‘ఆగవయ్యా, ఇక్కడ డాక్టరేదో చెప్తున్నాడు, ఒక్క ముక్క అర్థం కావట్లేదు, మా బ్రహ్మయ్య రానీ. ఏం జబ్బుతో పోతున్నానో తెలియకుండా ఎలా పోతాను?’ అన్నాడు. యముడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గంట, రెండు గంటలు, ఒక రోజు. పాపం ఆయనా పండగనాడు డ్యూటీలోనే ఉన్నాడు, ఆయనకీ మామూలు రేటే ఇస్తున్నారట. నేను వెళ్ళేదాకా ఆగారిద్దరూ. నేను వెళ్ళాను, డాక్టర్ మాట తెలుగులో చెప్పాను, పెద్దాయన తన మాట తను చెప్పుకున్నాడు, హాయిగా దున్నపోతెక్కి వెళ్ళిపోయాడు. అదమ్మా విషయం. మన కోసం ఎవరైనా ఆగుతారు.”

“మా తాతయ్య ఆగలేదు, అంకుల్,” అంది అవని.

గొంతు పెంచలేదు. అయినా నా నవ్వు సగంలో ఆగిపోయింది.

“సిక్స్ ఇయర్స్ అయింది. లేబర్ డే. నాకు థర్టీన్. తాతయ్య సమ్మర్‌కి వచ్చారు, హార్ట్ ప్రాబ్లం వచ్చింది, ఐసీయూలో పెట్టారు. ఐప్యాడ్ స్టాండ్ తెచ్చారు, వీడియో ఇంటర్‌ప్రెటర్ కోసం. పండగ కదా, తెలుగుకి ఎవరూ రాలేదు. వెయిట్ చెయ్యమని మ్యూజిక్ వస్తూనే ఉంది. నర్స్ వచ్చి, ఒక ఇంటర్‌ప్రెటర్ ఉన్నాడు, దగ్గరే, కాల్ చేశారు అని చెప్పింది. తర్వాత మళ్ళీ వచ్చి, సెకండ్ టైం కాల్ చేశారు అని చెప్పింది. నేను డోర్ దగ్గరే నిల్చున్నా, ఆయన వస్తే చూద్దామని.”

సమోసాలు మాడుతున్న వాసన వచ్చింది. ఆంటీ స్టవ్ ఆపేసింది.

“ఫ్యామిలీతో చెప్పించకూడదు అని వాళ్ళ రూల్. అయినా ఇంక టైం లేదని డాక్టర్ మా ఇద్దరి ముందే విషయం చెప్పి, తాతయ్యకి చెప్పమని అమ్మని అడిగాడు. అమ్మ, ‘మా నాన్నకి ఆ మాట నేనెలా చెప్తాను, నావల్ల కాదు’ అని బయటికి వెళ్ళిపోయింది. హాల్‌లో గోడ పట్టుకుని నిల్చుంది. నాన్న ఫ్లైట్‌లో ఉన్నాడు. డాక్టర్‌ని ఇంకో రూమ్‌కి పిలిచారు. తాతయ్యకి అంతా కనిపిస్తోంది. నన్ను అడిగారు, ‘ఏమంటున్నాడమ్మా డాక్టరు?’ అని.”

అవని బల్ల మీద పడిన టీ చుక్కని వేలితో తుడిచింది.

“నేను, రేపు ఇంటికి పంపిస్తారట తాతయ్యా, అని చెప్పాను. తాతయ్య చాలా హ్యాపీగా నవ్వారు. ‘అయితే మీ అమ్మకి ఒక మాట చెప్పాలి, ఇక్కడెందుకు ఇంతమందిలో, రేపు ఇంటికెళ్ళాక చెప్తాలే’ అన్నారు. పడుకున్నారు. అంతే అంకుల్. అమ్మ ఇప్పటికీ అడుగుతుంది, నాన్న చివర్లో ఏమైనా అన్నారా అని. ఏం అనలేదు అని చెప్తా. ఆ రోజు నేను ఏం చెప్పానో అమ్మకి తెలీదు. మీకే ఫస్ట్ చెప్తున్నా.”

బ్రహ్మయ్య అంకుల్ ముఖం చూడలేకపోయాను.

“ఏ ఆస్పత్రమ్మా?” అన్నాడు చివరికి.

చెప్పింది. ఇక్కణ్ణుంచి పది నిమిషాలు.

“మధ్యాహ్నమేనా?”

“మధ్యాహ్నమే.”

“ఇక్కడే ఉన్నాను,” అన్నాడాయన. “ఇదే బల్ల. త్రివేణమ్మా, నీకు గుర్తుందా? మూడోది రాలేదేవిటని నీతో పందెం కూడా వేశాను. నువ్వు ఫ్రీగా టీ పోశావు.”

ఆంటీ కొంగుతో మూతి అదుముకుంది.

“మూడోది ఎందుకు రాలేదో ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదమ్మా నేను. అడిగితే చెప్తారని భయం.” ఆయన గొంతులో కోత లేదు. ఉత్త ముసలి గొంతు. “నర్సుకి ఇచ్చింది నాకూ ఇమ్మన్నాను. అది తప్పా?”

“తప్పు కాదంకుల్. నేను కూడా ఫార్మసీలో హాలిడే షిఫ్ట్ చేస్తే ఎక్స్‌ట్రా తీసుకుంటా. డబుల్ అడగండి. ట్రిపుల్ అడగండి. కానీ ఫోన్ తీసి అడగండి.”

ఆయన ఫోన్ అందుకున్నాడు. కంగారులో రెండుసార్లు తప్పు చోట నొక్కాడు. ఎవరికైనా ఆయన తిరిగి ఫోన్ చెయ్యడం నేను చూడ్డం అదే మొదటిసారి. ఇంగ్లీషులో తొందర తొందరగా, వస్తున్నాను, ఇప్పుడే బయల్దేరుతున్నాను, రేటు సంగతి తర్వాత, ఏమీ ఇవ్వకపోయినా ఫర్వాలేదు అన్నాడు. అవతలివాళ్ళు ఏదో చెప్పారు. “ఎవరు చెప్పారు?” అన్నాడు. “వయసెంత?” అన్నాడు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు.

“ఇంక అక్కర్లేదట. కేన్సిల్ చేశారట. ఇంట్లోవాళ్ళే ఎవరో చెప్పేశారట.”

“ఎవరు?” అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

“తెలీదట.”

షాపువాళ్ళు ముందువైపు లైట్లు ఆర్పడం మొదలుపెట్టారు. ఆంటీ సమోసాలు పొట్లం కట్టి బల్ల మీద పెట్టింది. అవని లేచి కోటు తొడుక్కుంటుంటే ఆయన “అమ్మా” అన్నాడు.

“ఆ రోజు డాక్టర్ ఏం చెప్పమన్నాడు? మీ తాతయ్యకి?”

అవని నిలబడిపోయింది. తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క చోట కూడా తడుముకోలేదు. ఆరేళ్ళుగా రోజూ లోపల చదువుకుంటున్నట్టుంది.

ఆయన లేచాడు. చొక్కా సర్దుకున్నాడు, చేతులు ముందుకి కట్టుకున్నాడు. పనిలో ఉన్నప్పుడు అలాగే నిలబడతాడేమో. ఎదురుగా బియ్యం బస్తాలున్నాయి. వాటి మీద, ఆస్పత్రి మంచం ఎత్తున ఎవరో పడుకున్నట్టు అటే చూస్తూ, తొందరపడకుండా, ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా చెప్పాడు.

“అయ్యా, నేను డాక్టర్ని. మీతో ఉన్నమాట చెప్పాలని వచ్చాను. మీ గుండె బాగా అలిసిపోయింది. మేం చేయగలిగినవన్నీ చేశాం, ఇక దాన్ని బాగుచేసే మందు మా దగ్గర లేదు. ఎంతో సమయం ఉందనుకోవడం లేదు, బహుశా ఇవాళే కావచ్చు. మీకు నొప్పి తెలియకుండా చూసుకుంటాం, అది నా పూచీ. మీ అమ్మాయి తలుపు బయటే ఉంది. ఆమెతో చెప్పాల్సిన మాట ఏమైనా ఉంటే, ఇప్పుడు చెప్పండి. నేను బయట ఉంటాను.”

చెప్పి, అక్కడ ఎవరో జవాబిస్తారన్నట్టు ఆగాడు. వాళ్ళ పనిలో అలా ఆగాలట. త్రివేణి ఆంటీ వెక్కి వెక్కి ఏడుస్తోంది. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

అవని చెంపలు తుడుచుకుంది. పొట్లం చేతిలోకి తీసుకుంది.

“ఇంతేనా అంకుల్?” అంది. “ఒక మినిట్ కూడా పట్టలేదు.”

ఆయన బల్ల మీద బోర్లా ఉన్న ఫోన్‌ని వెల్లకిలా తిప్పి పెట్టాడు.